తొట్టి అలిగిన వేసవి

ఆ ఏప్రిల్ నెలంతా మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చోలేదు. రొట్టె తినడానికి కూర్చున్నవాళ్ళు సగం నమిలి, చేతిలో ముక్కతోనే లేచిపోయేవాళ్ళు. నాన్న పెరట్లోకి వెళ్ళేవాడు, వచ్చేవాడు, టోపీ పెట్టుకునేవాడు, తీసేవాడు. అమ్మ కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. అన్నయ్య అమదోర్ మోటారు సైకిలెక్కి ఏ పనీ లేకుండా వెళ్ళి, ఏ పనీ కాకుండా తిరిగొచ్చేవాడు. ఎందుకని అడిగితే మా ఊరు శాన్ మెల్చోర్‌లో చిన్నపిల్లలు కూడా చెప్పేవాళ్ళు. ఎలాదియో గారి తొట్టి మాట్లాడటం లేదట. ఎలాదియో అంటే మా నాన్నే.

మెస్కల్ సారా కాచే ఇంట్లో అంతకంటే పెద్ద కష్టం లేదు. కిత్తలి దుంపల్ని నిప్పురాళ్ళ గోతిలో పూడ్చి కాలుస్తాం. కాలిన దుంపను రాతి గానుగలో నలగ్గొట్టి, రసంతో పిప్పితో సహా చెక్క తొట్టిలో వేసి, గోరువెచ్చటి నీళ్ళు పోస్తాం. అంతే మనం చేసేది. పులియబెట్టే పని తొట్టిదే. దానికి బయటి నుంచి తెచ్చి కలిపే మందేమీ ఉండదు. మా నానమ్మ, ఆవిడ అత్తగారు వాడిన ఆ తొట్టి చెక్కలోనే ఆ గుణమంతా ఉంటుంది. నీళ్ళు పడ్డాక ఒకటి రెండు రోజులకు లోపల బుసబుస మొదలవుతుంది. చెక్కకు చెవి ఆనిస్తే రేకుల కప్పు మీద సన్నటి వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. దాన్నే మేం తొట్టి మాట్లాడటం అంటాం.

ఆ ఏడు అది మూగబోయింది. లోపల ఉన్నవి మామూలు దుంపలా అంటే అదీ కాదు. నేను బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది నాన్న కొండవాలున నాటిన మొక్కలవి. నాకు లాజరోతో పెళ్ళి కుదిరిన ఏడాదికి కోతకొచ్చాయి. పైగా మే నెలలో వచ్చే శిలువ పండుగ పెద్దరికం ఆ ఏడు మా ఇంటి మీద పడింది. ఊరు ఊరంతా మా వాకిట్లో భోంచేయాలి, మా బట్టీలో కాచిన మెస్కలే తాగాలి. కావాలంటే పక్క ఊళ్ళో కొనుక్కొచ్చి పోయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. మర్యాదగా తాగి, మర్యాదగా దండం పెట్టి వెళ్తారు. నాన్నకు ఆ మర్యాద తలుచుకుంటేనే ముద్ద దిగేది కాదు.

తొట్టి నా పడకకు గోడ అవతలే ఉండేది. పుట్టిన దగ్గర్నుంచీ వేసవంటే నాకు ఆ చప్పుడే. అందుకే అది పలకడం లేదని అందరికంటే ముందు నాకే తెలిసింది. చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. తొట్టి గురించి మాట్లాడే హక్కు నాకు లేదు మరి. మా ఇంట పుట్టిన ఆడపిల్ల బట్టీ గడప దాటకూడదు. కోడళ్ళు దాటొచ్చు, కూలివాళ్ళు దాటొచ్చు, గానుగ తిప్పే కంచరగాడిద రోజుకు పదిసార్లు దాటొచ్చు. నేను మాత్రం నీళ్ళ బిందె మోసుకెళ్ళి గడప అవతల దించి, ఎవరైనా వచ్చి అందుకునేదాకా నిలబడాలి. ఆ గాడిద నన్ను చూసి పళ్ళికిలించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

తొట్టి దగ్గర గొంతు పెంచకూడదని మా వైపు పట్టింపు. అది వింటుంది, నొచ్చుకుంటుంది, అలుగుతుంది. అందుకని అమ్మా నాన్నా ఆ రోజుల్లో తొట్టి పక్కన నిలబడి, నవ్వు ముఖాలతో, గుసగుసగా పోట్లాడుకునేవాళ్ళు. గడప బయట నుంచి నాకంతా వినపడేది.

"ఏవయ్యా, ఆ ముఖం కాస్త విప్పు. తొట్టి చూస్తోంది."

"నా ముఖం పుట్టినప్పట్నుంచీ ఇంతే. నీ గొణుగుడు ఆపు ముందు."

"గొణుగుతున్నానా? పాట పాడుకుంటున్నా."

"అది పాటైతే ఇది అలగడం న్యాయమే."

"నవ్వుతూ అను, నవ్వుతూ."

ఆ వారమే వుల్ఫ్రానో తాత వచ్చాడు. నాన్నకు మెస్కల్ కాయడం నేర్పినవాడు, ఊళ్ళో అందరి తొట్లూ ఎరిగినవాడు. చెవి ఆనించి విన్నాడు, వేలు ముంచి నాకి చూశాడు, మీసం తుడుచుకున్నాడు.

"అలిగింది," అన్నాడు. "ఈ కొంపలో ఎవరికి ఎవరితో మాటల్లేవో చెప్పండి. అందరూ పోయి మాట్లాడుకుని రండి."

ఆ పూట నుంచి మా ఇంట్లో తగువులు తుడవడం మొదలైంది. అమ్మకు వెనకింటావిడతో ఒక టర్కీ కోడి విషయంలో మాటల్లేవు. అమ్మ వెళ్ళి మాట్లాడి, తిరిగొచ్చేటప్పుడు ఆ కోడి ఎవరిదన్న దాని మీద ఇంకో మాట అనుకుని వచ్చింది. మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. నాకు లాజరో మీద కోపం. సంత రోజున వస్తానని రాలేదు. నాకు కోపం లేదని వాడికి కబురు చేయమంది అమ్మ. కోపం లేదని చెప్పాల్సి వచ్చినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది, కానీ ఆ సంగతి తొట్టికి తెలియకుండా మింగేశాను. అందరి తగువులూ అయిపోయాయి. తొట్టి ఉలకలేదు, పలకలేదు. పైగా పక్కగా వెళ్తే పలచగా పుల్లటి వాసన తగలడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే అది మెస్కల్‌కు కాదు, పచ్చడికి పనికొస్తుంది.

వుల్ఫ్రానో తాత మళ్ళీ వచ్చి ఈసారి నాన్న ముందు ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"ఇంక మిగిలింది నువ్వే, ఎలాదియో."

"నాకెవరితోనూ తగువు లేదు."

"తగువు లేదు సరే. మాట ఉందా?"

అందరి కళ్ళూ లోయ అవతలి ఊరి వైపు తిరిగాయి, నావి కూడా. అక్కడ మా మేనత్త కోయింతా ఉంటుంది. నేను పుట్టకముందే విల్‌ఫ్రిదో అనే అతనితో చెప్పకుండా వెళ్ళిపోయింది. మా వైపు పిల్లలు అలా వెళ్ళడం కొత్తేమీ కాదు. కొన్నాళ్ళు ముఖాలు మాడ్చుకుంటారు, తర్వాత బ్యాండు మేళంతో పెళ్ళి చేస్తారు. కానీ అత్త వట్టి చేతుల్తో వెళ్ళలేదు. శాలువా కింద సొరకాయ బుర్ర నిండా మా తొట్టిలో పులుస్తున్న రసం తోడుకుని పోయింది. దాంతో లోయ అవతల విల్‌ఫ్రిదో కొత్త తొట్టికి తోడు పెట్టింది. నాన్న చర్చి ముందు పదిమందిలో నిలబడి, అది మనిషిని కట్టుకుంటే నాకేం బాధ లేదు, మా అమ్మ తొట్టిని దొంగిలించింది, అడిగితే ఇచ్చేవాణ్ణి కాదా అన్నాడు. అంతే, ఆ తర్వాత అన్నాచెల్లెళ్ళ మధ్య మాట లేదు. ఆడపిల్ల గడప దాటకూడదన్న రూలు కూడా ఆ రోజునే పుట్టింది.

"దొంగతో నాకు మాటేమిటి," అన్నాడు నాన్న చివరికి.

"అయితే వెనిగర్ అమ్ముకో," అని తాత లేచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర అమదోర్ నోరు తెరిచాడు. ఆ రోజు ఎండ మామూలుగా లేదు. కీచురాళ్ళు వాన కోసం ఒకటే రొద. అమ్మ చిక్కుడు గింజల కూర వడ్డిస్తోంది. వాడు ముద్ద ముట్టకుండా కంచం అంచు తడుముతూ కూర్చున్నాడు.

"తొట్టి అలగలేదు నాన్నా," అన్నాడు. "దాన్ని నేనే చంపేశాను."

అమ్మ గరిటె అలాగే ఆగిపోయింది.

"మార్చిలో పట్నం నుంచి ఆ కెమెరాల వాళ్ళు వచ్చారు కదా, రుచి చూస్తామని. నువ్వు కొండ మీద దుంపలు నరుకుతున్నావు. తొట్టి లోపల నల్లగా, జిగురుగా ఉంది. చూసి ముక్కు మూసుకుంటారేమోనని..." వాడు కంచం పక్కకు నెట్టాడు. "బ్లీచింగ్ నీళ్ళు పోసి తోమాను. చెక్క తెల్లగా వచ్చేదాకా తోమాను."

లోపలి చెక్క వెలిసినట్టు ఉండటం నాన్న చూడకపోలేదు. నెలల తరబడి ఖాళీగా ఉండి ఎండిపోయిందనుకున్నాడు. ఇప్పుడాయన నములుతున్నది మింగేసి, చెయ్యి కడుక్కుని, లేచి బట్టీలోకి వెళ్ళాడు. మేం గడప దగ్గర నిలబడ్డాం. పిప్పి పక్కకు నెట్టి, తొట్టి లోపలి చెక్కను గోటితో గీకి, నాలుక మీద పెట్టుకున్నాడు.

"బాగా తోమావురా," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. అమదోర్ కూడా అదే కోరుకున్నట్టు తల వంచుకుని ఎదురుచూశాడు.

"దీంట్లో మీ నానమ్మ చేతులుండేవి," అన్నాడు నాన్న. "మోచేతుల దాకా ముంచి పిప్పి నొక్కేది. అదంతా ఈ చెక్కలోనే ఉండేది."

అమదోర్ ముఖం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. నాకు వాడి మీద జాలీ, కోపం కలిసొచ్చాయి, ఏది ముందో తెలియలేదు. అందంగా కనపడాలని చేసిన పని అది. పైవాళ్ళు మనల్ని చూసి ముక్కు మూసుకోకూడదనే పాపిష్టి బెంగ ఇంట్లో అందరికీ ఎంతో కొంత ఉండేది, వాడు దాన్ని చీపురు పట్టుకుని తోమేశాడు, అంతే తేడా.

"కోయింతా దగ్గర ఉంది," అంది అమ్మ నెమ్మదిగా. "అదే తోడు. ఇన్నేళ్ళుగా నడుస్తోంది."

"దాని పేరెత్తకు."

"పేరెత్తను. ఉందని చెప్తున్నా."

నాన్న టోపీ పెట్టుకుని బయటికి పోయాడు. పొద్దు వాలేదాకా కొండవాలున కోసేసిన కిత్తలి మొదళ్ళ మధ్య అటూ ఇటూ తిరుగుతూ కనిపించాడు, కాలుగాలిన పిల్లిలా.

తెల్లారగానే నేను సొరకాయ బుర్ర తీసుకుని బయల్దేరాను. ఎవరూ పంపలేదు. వాకిట్లో అమ్మ ఎదురైంది. ఎక్కడికి అని అడగలేదు. తన శాలువా తీసి నా భుజాల మీద కప్పి, ఎండగా ఉంటుంది, తల మీద వేసుకో అంది. లోయలోకి దిగి, ఎండిపోయిన వాగు దాటి, అవతలి గట్టు ఎక్కేసరికి ఒళ్ళంతా దుమ్ము. అత్త ఇల్లు ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. వాసనను బట్టి వెళ్ళాను. మా పెరటి వాసనే.

ఆవిడ వాకిట్లో కూర్చుని మొక్కజొన్నలు ఒలుస్తోంది. నన్ను చూసి ఒలవడం ఆపలేదు.

"ఎలాదియో కూతురివా?"

"అవునత్తా. సెనైదాని."

"ఆ నడకే చెప్తోంది. ఊరంతా తమదే అన్నట్టు నడుస్తారు మీ ఇంటివాళ్ళు." చేతిలో కంకి పక్కన పడేసింది. "తొట్టి పోయిందట కదా. మీ అన్న తోమాడట కదా."

మాకు నిన్న మధ్యాహ్నం తెలిసిన సంగతి లోయ అవతలకి ఎప్పుడు చేరిందో దేవుడికెరుక. "తోడు కావాలత్తా," అన్నాను బుర్ర ముందుకు చాపి.

"ఎవరడుగుతున్నారు?"

"నేనే."

"నీకు ఇవ్వను." ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖంలో కోపం లేదు, అది నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది. "నువ్వు అడిగావనీ కాదు, నువ్వంటే ఇష్టం లేకా కాదు. మీ నాన్న చర్చి ముందు ఏమన్నాడో నీకు చెప్పే ఉంటారు. అడిగితే ఇచ్చేవాణ్ణి కాదా అన్నాడు. పదిమందీ విన్నారు. పదిమందీ నన్ను దొంగన్నారు. సరే. ఇప్పుడు నేనూ అదే అంటున్నా. అడిగితే ఇస్తా. అడగాల్సిన మనిషి అడగాలి."

"నాన్న రాడత్తా."

"ఇంకో మాట కూడా విను. నేను అడిగాను. వెళ్ళేముందు ఆ గడప దగ్గర నిలబడి, అన్నయ్యా, ఒక బుర్రెడు ఇవ్వవా అని అడిగాను. తొట్టి మగాళ్ళతో ఉండేది, ఆడదాని వెంట పోయేది కాదు అన్నాడు. ఆ ముక్క మాత్రం చర్చి ముందు చెప్పలేదు మీ నాన్న."

నేను ఖాళీ బుర్రతో తిరిగొచ్చాను. వెళ్ళేటప్పుడు నాన్న వైపున్నాను, వచ్చేటప్పుడు ఎవరి వైపున్నానో నాకే తెలియలేదు. వాగు దగ్గర ఒక రాయిని కాలితో తన్నాను, వేలు నలిగింది.

ఇంటికొచ్చి ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాన్నకు అప్పజెప్పాను, ఆ చివరి ముక్కతో సహా. అమ్మకు ఆ ముక్క తెలియదు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న కింద ఏదో పోగొట్టుకున్నట్టు నేల చూశాడు. కాదు అనలేదు.

ఆ తర్వాత ఒక పూటంతా ఆయన ఏమీ తినలేదు. గాడిదకు నీళ్ళు పెట్టాడు, పెట్టిన నీళ్ళే మార్చాడు. గానుగ రాయి చుట్టూ ఊడ్చాడు. మర్నాడు ఎండ నడినెత్తికొచ్చే వేళ, మనిషన్నవాడు బయటికి కదలని వేళ, గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, గాడిద మీద ఖాళీ డబ్బాలు కట్టాడు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేను వెనకాలే నడిచాను. పొమ్మనలేదు.

అత్త గుమ్మం ముందు ఆగాడు. ఆవిడ లోపల రుబ్బురాయి దగ్గర ఉంది, తలుపు తీసే ఉంది, మమ్మల్ని చూడటం మాకు కనపడుతూనే ఉంది.

"కోయింతా," అన్నాడు నాన్న.

"ఎవరూ?"

"నేనే. ఎలాదియోని."

"ఏ ఎలాదియో? ఈ వైపు చాలామంది ఉన్నారు."

నాన్న టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఇంక వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళిపోతే అంతే, మళ్ళీ రాడు, తొట్టి లేదు, నానమ్మ లేదు, ఆ గోడ అవతల జీవితాంతం నిశ్శబ్దమే.

"మీ అన్నని," అన్నాడు.

ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. జుట్టు నెరిసింది, కానీ నుదురు, గడ్డం అచ్చం నాన్నవే. "చెప్పండి," అంది. సొంత అన్నని పరాయివాణ్ణి అన్నట్టు 'అండి' అంది. ఆ 'అండి' నాన్నకు ఎక్కడో తగిలింది, ముఖంలో కనపడింది.

"తోడు కావాలి."

"దేనికి తోడు?"

"అమ్మ తొట్టికి."

"ఇక్కడున్నది దొంగసొత్తండీ. మీ ఇంటి పండక్కి పనికొస్తుందా?"

అంతలో ఇంటి వెనక నుంచి నాకు వినిపించింది. రేకుల మీద సన్నటి వాన. నా పడక గోడ అవతలి చప్పుడు. నేను తల తిప్పేలోపే నాన్న కూడా తల తిప్పాడు. అడగకుండానే ఆవిడ పక్కనుంచి, ఇంట్లోంచి, పెరట్లోకి నడిచాడు. అక్కడ నల్లటి తొట్టి, అంచులు జిగురు కట్టి, ఎవరూ ఎప్పుడూ తోమని తొట్టి. మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

అత్త వెనకాలే వచ్చి పెరటి గడప మీద నిలబడింది.

"ఎండలో వచ్చావు," అంది చివరికి. "నీళ్ళు తాగుతావా అన్నయ్యా?"

ఆ డబ్బాలు నింపుతుంటే ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు గుర్తులేదు. గాడిద గురించి, వానల గురించి, విల్‌ఫ్రిదో మావయ్య మోకాలి నొప్పి గురించి అనుకుంటాను. పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. నాన్న క్షమించమని అడగలేదు, ఆవిడ అడిగించుకోనూ లేదు. నాకది అన్యాయమనిపించింది అప్పుడు. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఇంటికొచ్చి తొట్టి పైన పుల్లబడిన పొరంతా తీసి పందులకు పారబోశాం. నాన్న ఒక చేత్తో డబ్బా వంచుతూ, రెండో చేత్తో పిప్పి నొక్కబోయాడు. కుదరలేదు. అమదోర్ ముందుకొచ్చాడు, కానీ తొట్టి మీద చెయ్యి వేయడానికి జంకి ఆగిపోయాడు. నేను ఎప్పట్లాగే గడప అవతల బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అక్కడేం చూస్తున్నావ్?" అన్నాడు నాన్న నా వైపు తిరక్కుండానే. "లోపలికి రా. నొక్కు."

గాడిద నా వైపు చూసింది. గడప దాటాను. మోచేతుల దాకా చేతులు ముంచాను. కాలిన కిత్తలి పీచు వేళ్ళకు గుచ్చుకుంది, వెచ్చగా ఉంది, బంకగా ఉంది. నానమ్మను నేను చూడలేదు. ఆ చేతుల సంగతి మాత్రం అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఎవరం నిద్రపోయామో లేదో తెలియదు. తెల్లవారుజామున గోడ అవతల ఒక బుడగ పగిలింది. కాసేపాగి ఇంకొకటి. నేను లేవలేదు. ముందు కాసేపు నాకొక్కదానికే ఉండనీ అనుకుని, తర్వాత గోడ మీద కొట్టి అందర్నీ లేపాను.

పండుగకు మెస్కల్ అందింది, ఆఖరి నిమిషంలో. శిలువకు పూలు కట్టారు, తారాజువ్వలు వేశారు, నల్ల మోలే కూర కుండలు వాకిలి పొడుగునా పెట్టారు. నాన్న రెల్లు గొట్టంతో మొదటి ధార కాయ చిప్పలోకి వదిలాడు. మీద ముత్యాల్లాంటి బుడగలు పేరుకుని, విడిపోకుండా నిలబడ్డాయి, సరుకు బాగా దిగిందనడానికి అదే గుర్తు. మొదటి చుక్కలు నేల మీద పోసి, పోయినవాళ్ళ పేర్లు చెప్పాడు. నానమ్మ పేరు రెండుసార్లు చెప్పాడు. అత్త, మావయ్య ముందు వరసలో కూర్చున్నారు. ఊరి జనం వాళ్ళను చూడనట్టు నటిస్తూ కళ్ళప్పగించి చూస్తున్నారు.

వుల్ఫ్రానో తాత చిప్ప అందుకుని, గుక్కెడు నోట్లో తిప్పి, మింగాడు. అందరూ ఆయన మీసం వైపు చూశారు.

"ఇదెవరి ఇంటిది?" అన్నాడు తాత, కావాలనే గట్టిగా.

నాన్న చెల్లెలి వైపు చూశాడు. "దొంగసొత్తు తాతా," అన్నాడు.

ముందు నవ్వింది కోయింతా అత్తే. తర్వాత ఊరంతా నవ్వింది. అమదోర్ కూడా నవ్వాడు, ఆ వేసవిలో మొదటిసారి. మర్నాడు వాడు బ్లీచింగ్ సీసా తీసుకెళ్ళి లోయలో గొయ్యి తీసి పాతిపెట్టి వచ్చాడు. అంత పని అక్కర్లేదని అమ్మ అంటే, ఉండనీ అన్నాడు నాన్న.

జూన్ మొదటి వానలకు నా పెళ్ళి అయింది. లాజరో వాళ్ళ ఊరు కొండ వెనక. వాళ్ళకు కిత్తలి తోటలు ఉన్నాయి కానీ తొట్టి లేదు, ఆ ఏడే కొత్తగా చేయించారు. నేను వెళ్ళే రోజు పొద్దున పెట్టె సర్దుకుంటుంటే నాన్న పిలిచాడు. బట్టీ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. లోపల తొట్టి మాట్లాడుతోంది. తొట్టి అంచు మీద శుభ్రంగా ఎండిన సొరకాయ బుర్ర ఒకటి, దానికి మూత, పక్కన అమ్మ శాలువా.

నాలుగు మాటలు వెతుక్కుని, "నాన్నా, ఒక బుర్రెడు..." అన్నాను.

"అడక్కు," అన్నాడు ఆయన. "అడిగితే నేను ఒకసారి కాదని పాడైపోయిన మనిషిని, మళ్ళీ ఏం చెప్తానో తెలియదు. మీ అత్త చేసినట్టు చెయ్యి."

అని టోపీ పెట్టుకుని, వీపు నా వైపు తిప్పి, కొండల వంక చూస్తూ నిలబడ్డాడు. వంటింటి గుమ్మంలో ఉన్న అమ్మ అటు తిరిగింది. మోటారు సైకిలు తుడుస్తున్న అమదోర్ అటు తిరిగాడు. నేను బుర్ర ముంచాను. నిండేటప్పుడు గుటగుటమని ఎంత చప్పుడయిందో చెప్పలేను, పెరడంతా వినపడింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.